వంశంలో పక్షవాతం

విజయవాడ దగ్గరి మైలవరం చుట్టుపక్కల మామిడి తోట వేసే రైతెవరూ రసం తిని టెంక పాతి, అదే రసం కాస్తుందని ఎదురుచూడడు. టెంక నుంచి లేచిన మొక్కకు తల్లి గుణం రాదని అతనికి తెలుసు. పూత మీద వాలిన ఈగ ఏ చెట్టు పుప్పొడి మోసుకొచ్చిందో ఎవరికెరుక? అందుకే నాటు టెంక మొక్కను వేరు కోసం పెంచి, మంచి కాపున్న చెట్టు కొమ్మ తెచ్చి అంటు కడతారు. నూజివీడు చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, కలెక్టరు అన్నీ అలా కొమ్మ నుంచి కొమ్మకు నడిచొచ్చినవే. ఈ తోటలోని బంగినపల్లి జన్యువులూ పక్క తోటలోని బంగినపల్లి జన్యువులూ దాదాపు ఒకటే.

మనుషుల్లో అంటు మొక్కలు లేవు, అందరూ టెంక మొక్కలే. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. ఆ సగంలో ఏది వస్తుందో ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒక తల్లికి నలుగురు పిల్లలు పుడితే ఇద్దరికి నలభై ఐదేళ్లకే కాలూ చెయ్యీ పడిపోవచ్చు, మిగతా ఇద్దరు ఎనభై ఏళ్ల దాకా తోట కాపలా కాయవచ్చు. అలాంటి ఇళ్లలో పెద్దవాళ్లు ‘మా వంశంలో ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆసుపత్రిలో ఆ ముక్కకు పెద్దగా విలువ దక్కదు. ‘బీపీ ఉందా, షుగర్ ఉందా’ అన్న ప్రశ్నలతోనే చీటీ నిండిపోతుంది.

చాలా ఇళ్లలో ఆ ప్రశ్నలు సరైనవే. కొన్ని ఇళ్లలో మాత్రం పెద్దవాళ్ల మాటే అసలు రోగనిర్ధారణ.

గుండె నుంచి మెదడుకు వెళ్లే పెద్ద ధమనులు పుర్రె అడుగున కలుసుకుని, అక్కడి నుంచి కొమ్మలుగా చీలతాయి. వాటిలో అర మిల్లీమీటరు కన్నా సన్నగా ఉన్నవి మెదడు లోతుల్లోకి నిటారుగా దిగుతాయి. శరీరం బరువులో మెదడు వాటా 2 శాతమే అయినా గుండె పంపే రక్తంలో ఐదో వంతుకు దగ్గరగా అదే తీసుకుంటుంది. మెదడు పైపొరల్లో ఒక నాళం మూసుకుపోతే పక్క నాళం కొంతైనా ఆదుకుంటుంది. లోతుకు దిగే సన్న నాళాలకు ఆ ఆసరా లేదు. ఒక్కో నాళం తన చివరనున్న కొంచెం ప్రాంతాన్ని ఒంటరిగా పోషిస్తుంది. అది పూడుకుపోతే అక్కడి కణజాలం చచ్చిపోయి, పెసర గింజంత గుంట మిగులుతుంది.

ఆ గుంటలను ఫ్రెంచి వైద్యుడు దురాన్-ఫర్దెల్ 1843లోనే శవపరీక్షల్లో గమనించి వర్ణించాడు. 1894లో జర్మనీలో పనిచేసిన వైద్యుడు ఒట్టో బిన్స్‌వాంగర్ మెదడు లోపలి తెల్ల పదార్థం క్షీణించి మతి చెడిన రోగుల గురించి రాశాడు. 1901లో పారిస్‌లో పియర్ మరీ, 1960లలో బోస్టన్‌లో మిల్లర్ ఫిషర్ గుంటలకూ పక్షవాతం లక్షణాలకూ సంబంధం కలిపారు. బతికున్న మనిషిలో ఇవి స్పష్టంగా కనిపించడం ఎమ్మారై యంత్రం వచ్చాకే మొదలైంది. ఇవాళ విజయవాడలో ఏదో తలనొప్పికి ఎమ్మారై తీయించుకున్న అరవై ఏళ్ల మనిషి రిపోర్టులోనూ ‘సన్న రక్తనాళాల మార్పులు’ అన్న వాక్యం కనిపిస్తుంది. చిన్న గుంటలు, తెల్లమచ్చలు, సూక్ష్మ రక్తస్రావాలు ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పోగుపడతాయి. చాలామందికి ఒక్కసారి కూడా మూతి వంకరపోదు. నడక మందగిస్తుంది, లెక్కలు తప్పుతాయి, మాట తడబడుతుంది. ఇంట్లోవాళ్లు ముసలితనం అనో, చాదస్తం అనో సరిపెట్టుకుంటారు.

హైదరాబాద్‌లోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్)లో సుభాష్ కౌల్ బృందం పక్షవాతం రోగులను రకాలుగా విడదీసి 2002లో ప్రచురించిన లెక్కలో సన్న నాళాలు పూడుకుపోయినవారు దాదాపు ఐదో వంతు. అదే సంస్థలోని మతిమరుపు క్లినిక్‌లో సువర్ణ అల్లాడి బృందం 2011లో ప్రకటించిన ఫలితాల్లో, డిమెన్షియా రోగుల్లో రక్తనాళాల వల్ల ఆ స్థితికి వచ్చినవారు నాలుగో వంతు ఉన్నారు. అంటే ఈ జబ్బు తెలుగు నేలకు కొత్తది కాదు. ఇందులో జన్యువుల పాలెంత అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు దారి తెరిచిన సంఘటన 1976లో పారిస్‌లో జరిగింది. యాభై ఏళ్ల ఫ్రెంచి మనిషి ఒకడు నరాల వైద్యురాలు మరీ-జెర్మేన్ బూసే దగ్గరకు వచ్చాడు. మెదడులో చిన్న చిన్న గుంటలు, తెల్ల పదార్థం చెడిపోవడం చూస్తే ఎన్నో ఏళ్లుగా తీవ్రమైన బీపీ ఉన్న ముసలివాడి మెదడులా ఉంది. కానీ అతనికి బీపీయే లేదు. కొన్నేళ్ల తర్వాత అతని పిల్లలు ఒక్కొక్కరే వేర్వేరు బాధలతో వచ్చారు. అందరి మెదడు చిత్రాల్లోనూ అవే మచ్చలు. బూసే ఆ కుటుంబాన్ని వదిలిపెట్టలేదు. ఆమెతో పాటు ఎలిజబెత్ తూర్నియే-లాసెర్వ్, ఊగ్ షాబ్రియా, ఆన్ జూతెల్ ఆ వంశవృక్షంలోని డజన్ల కొద్దీ బంధువులను పరీక్షించారు. లోపం 19వ క్రోమోజోమ్ మీద ఉందని 1993లో తేల్చారు. 1996లో జన్యువును పట్టుకున్నారు. దాని పేరు నాచ్3. జబ్బుకు కాడాసిల్ అన్న పేరు స్థిరపడింది. ఈ పరిశోధనకు ఆ నలుగురికీ 2019లో బ్రెయిన్ ప్రైజ్ దక్కింది.

నాచ్ కుటుంబానికి చెందిన జన్యువులు జీవశాస్త్రానికి పాత పరిచయస్థులు. రెక్క అంచున నొక్కులు పడ్డ పండు ఈగలను అమెరికా శాస్త్రవేత్తలు 1910ల్లోనే గుర్తించారు. ఈగ రెక్కలో లోపం చూసి పేరు పెట్టిన జన్యువుకు మనిషిలో చుట్టం ఉంటుందనీ, అది చెడితే మెదడు దెబ్బతింటుందనీ అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు. మనిషిలో నాచ్3 ప్రధానంగా ధమనుల గోడల్లోని కండర కణాల మీద ఉంటుంది. నాళం ఎప్పుడు బిగుసుకోవాలో ఎప్పుడు సడలాలో చూసుకునే కణాలవి.

ఈ ప్రోటీన్‌లో కణం బయటికి పొడుచుకొచ్చిన భాగం వింతైనది. ఒకే అచ్చులో పోసినట్టుండే 34 ముక్కలు వరుసగా ఉంటాయి. ఒక్కో ముక్కలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం సరిగ్గా ఆరుసార్లు వస్తుంది. ఆ ఆరూ రెండేసి చొప్పున చేతులు పట్టుకుని మూడు ముడులు వేస్తేనే ముక్క సరైన ఆకారంలో నిలుస్తుంది. కాడాసిల్ ఉన్నవారిలో డీఎన్‌ఏలోని ఒక్క అక్షరం మారి, ఏదో ఒక ముక్కలో ఆరు సిస్టీన్లు ఐదో ఏడో అవుతాయి. ఒక సిస్టీన్‌కు జత దొరకదు. జత లేని ఆ చివర పక్క ప్రోటీన్లను పట్టుకుంటుంది, అవి ఇంకొన్నిటిని. ఇలా నాళపు గోడ చుట్టూ ప్రోటీన్ ఉండలు పేరుకుంటాయి. కండర కణాలు క్రమంగా చచ్చిపోతాయి, గోడ మందమై బిరుసెక్కుతుంది.

ఈ ఉండలు మెదడుకే పరిమితం కావు, ఒంట్లోని చిన్న ధమనులన్నిటిలోనూ ఉంటాయి. చర్మానికి ఏ బాధా కలగదు గానీ, చేతి చర్మం నుంచి చిన్న ముక్క తీసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే గుళికలు దొరికిపోతాయి. మెదడు జబ్బుకు చర్మాన్ని సాక్ష్యం అడగడం వైద్యంలో అరుదు.

రోగి జీవితంలో ఈ కథ చాలా నెమ్మదిగా నడుస్తుంది. ముప్ఫై ఏళ్ల ప్రాంతంలో కొందరికి పార్శ్వపు తలనొప్పి మొదలవుతుంది. దానికి ముందు కళ్ల ఎదుట మెరుపులు, వంకర టింకర గీతలు కనిపిస్తాయి. నలభై నుంచి అరవై మధ్య చిన్న చిన్న పక్షవాతాలు వస్తాయి. ఒకటి రెండు నెలల్లో కోలుకుంటారు, మళ్లీ వస్తుంది. మనిషి ముభావంగా మారతాడు, ఏ పనీ మొదలుపెట్టడు. ఇంట్లోవాళ్లకు అది సోమరితనంలా కనిపిస్తుంది. తర్వాత ఆలోచన మందగిస్తుంది, నడక చెడుతుంది. ఎమ్మారైలో కణతల వెనకుండే మెదడు భాగపు ముందు కొసన తెల్లమచ్చలు కనిపిస్తే అనుభవమున్న రేడియాలజిస్టు వెంటనే కాడాసిల్‌ను అనుమానిస్తాడు. మామూలు బీపీ వల్ల ఆ చోట మచ్చలు పడటం అరుదు. చూసేవారికి ఆ సంగతి తెలియకపోతే మల్టిపుల్ స్క్లెరోసిస్ అని రాసేసి ఏళ్ల తరబడి వేరే మందులు వాడించిన సందర్భాలు వైద్య సాహిత్యంలో బోలెడు.

ఒకే కుటుంబంలో అత్తకు తలనొప్పి, బాబాయికి దిగులు, తాతకు పక్షవాతం ఉంటే మూడూ మూడు వేర్వేరు జబ్బులుగా ముగ్గురు వేర్వేరు డాక్టర్ల చీటీల్లో ఉండిపోతాయి. వాటిని ఒక్క కాగితం మీద పెట్టి చూసేవారు ఉండరు. పారిస్‌లో బూసే చేసింది సరిగ్గా ఆ పనే.

కాడాసిల్ ఎంత అరుదు? చాలాకాలం లక్షకు ఇద్దరో నలుగురో అనుకున్నారు. నెదర్లాండ్స్‌కు చెందిన యూలీ రుటెన్ బృందం 2016లో ఆ అంచనాను తలకిందులు చేసింది. 60,706 మంది జన్యు సమాచారం నిల్వ చేసిన ఒక బహిరంగ భాండాగారంలో వెతికితే, నాచ్3లో సిస్టీన్ లెక్క తప్పిన మార్పులు సుమారు 300 మందిలో ఒకరికి ఉన్నాయి. దక్షిణాసియా వారిలో ఆ సంఖ్య అందరికన్నా ఎక్కువ, వెయ్యికి పదికి పైనే. ఆ దక్షిణాసియా నమూనాల్లో పెద్ద భాగం పాకిస్తాన్ నుంచి వచ్చింది కాబట్టి తెలుగువారి వాటా ఇంత అని దాన్నుంచి తీసి చెప్పడం కుదరదు. ఆ తర్వాత బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్‌లో చూస్తే 450 మందిలో ఒకరికి తేలింది. తైవాన్‌లో ఒకే ఒక్క మార్పు జనాభాలో వందకు ఒకరికి దగ్గరగా ఉంది.

ఇంతమందికి మార్పు ఉంటే ఇంతమందికీ జబ్బు రావాలి కదా? రావట్లేదు. మార్పు పడిన చోటును బట్టి ఫలితం మారుతోంది. 34 ముక్కల్లో మొదటి ఆరింటిలో పడితే జబ్బు గట్టిగా, త్వరగా వస్తుంది. ఏడు నుంచి ముప్ఫై నాలుగు మధ్య పడితే సగటున పన్నెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. చాలామందికి డెబ్భై దాటినా ఏమీ తెలియదు, ఎమ్మారైలో నాలుగు తెల్లమచ్చలు తప్ప. పారిస్ కుటుంబాల్లో చూసిన భయంకరమైన రూపం పర్వతపు శిఖరం మాత్రమే. వెడల్పాటి అడుగుభాగంలో ఉన్నవారు మామూలు వృద్ధుల్లో కలిసిపోయి, ‘బీపీ పక్షవాతం’ అన్న ఖాతాలోకి వెళ్లిపోతున్నారు. మామూలు జబ్బుకూ జన్యు జబ్బుకూ మధ్య పాఠ్యపుస్తకాలు గీసిన గీత చెరిగిపోయింది ఇక్కడే.

ఇక మేనరికం మాట.

కోస్తా జిల్లాల్లో ఇంట్లో పుట్టుకతో వచ్చిన బాధ ఏది కనిపించినా, నలుగురూ ముందు అనే మాట ‘దగ్గర సంబంధం చేసుకున్నారు కదా’. కాడాసిల్ విషయంలో ఆ నింద పూర్తిగా తప్పు. అందులో తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క చెడ్డ ప్రతి వస్తే చాలు. ఊరు కాని ఊరి సంబంధం చేసుకున్నా ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం అలాగే ఉంటుంది. మేనమామ కూతురిని చేసుకోకపోయినంత మాత్రాన అది తగ్గదు.

మేనరికం నిజంగా లెక్కలోకి వచ్చే జబ్బు వేరే ఉంది. జపాన్‌లో 1970ల నుంచి వైద్యులు ఒక విచిత్రమైన కలయికను గమనిస్తూ వచ్చారు. ఇరవై ఏళ్లు నిండేలోపే జుట్టు ఊడిపోవడం, ఆ వెంటే భరించలేని నడుం నొప్పి, ముప్ఫైల్లో పక్షవాతం, మతి చెడటం. రోగుల తల్లిదండ్రులు తరచుగా దగ్గర బంధువులే. జుట్టు, వెన్నుపూస, మెదడు ఒకే తాటి మీద ఎలా నడిచాయో 2009లో నీగతా విశ్వవిద్యాలయానికి చెందిన ఓసాము ఒనొదెరా బృందం బయటపెట్టింది. హెచ్‌టీఆర్‌ఏ1 అనే జన్యువు రెండు ప్రతులూ చెడిపోవడమే కారణం. ఈ జన్యువు తయారుచేసే ఎంజైమ్ కణజాలంలో పెరుగుదల సంకేతాలను అదుపులో పెడుతుంది. అది లేకపోతే నాళాల గోడలు దెబ్బతింటాయి. ఈ జబ్బును కారాసిల్ అంటారు.

కారాసిల్ జపాన్ జబ్బుగానే చాలాకాలం చెలామణీ అయింది. 2017లో బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు నీగతా శాస్త్రవేత్తలతో కలిసి భారతీయ కుటుంబాల్లో ఇదే జబ్బును నిర్ధారించి, హెచ్‌టీఆర్‌ఏ1లో అంతకు ముందు ఎక్కడా నమోదు కాని మూడు కొత్త లోపాలను ప్రకటించారు. దక్షిణ భారతం ఈ వార్తను కాస్త జాగ్రత్తగా చదవాలి. 1992–93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతుకు దగ్గరగా పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్యే జరిగాయి. ఇటీవలి సర్వేల్లోనూ అది నాలుగో వంతు దగ్గర ఉంది. మేనమామ, మేనత్త పిల్లల మధ్య పెళ్లిలో పుట్టిన బిడ్డకు ఒకే పూర్వీకుడి జన్యువు రెండు వైపుల నుంచీ చేరే అవకాశం పదహారులో ఒకటి. అక్క కూతురిని చేసుకుంటే ఎనిమిదిలో ఒకటి. పొలం ఇల్లు దాటిపోకూడదనో, పిల్ల కళ్ల ముందే ఉంటుందనో చేసిన ఏర్పాటు, చెడ్డ ప్రతులు రెండూ ఒకేచోట కలిసే దారిని కూడా వెడల్పు చేస్తుంది. అయినా ఇలాంటి పెళ్లిళ్లలో పుట్టిన పిల్లల్లో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. ఇది కూడా అంతే గట్టిగా చెప్పాల్సిన నిజం.

మేనరికం లేకపోయినా శతాబ్దాల తరబడి ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగితే దాదాపు అదే ఫలితం వస్తుంది. హైదరాబాద్ సీసీఎంబీలో కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్ అమెరికాకు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధనలో ఆంధ్ర వైశ్యుల ఉదాహరణ ప్రసిద్ధం. చిన్న మూలసమూహం నుంచి విస్తరించిన జనాభా అది. సర్జరీలో వాడే ఒక కండర సడలింపు మందును విరిచేసే ఎంజైమ్ లోపం వారిలో మామూలు కన్నా చాలా ఎక్కువ. 2017లో వచ్చిన తర్వాతి పరిశోధనలో, పరిశీలించిన 263 భారతీయ సమూహాల్లో 81 ఇలాంటి చరిత్ర ఉన్నవే అని తేలింది. ఇందులో ఒక కులానికి ప్రత్యేకంగా అంటిన మచ్చంటూ ఏమీ లేదు. మైలవరంలో ఏ వీధికి వెళ్లినా ఏదో ఒక సమూహంలో ఏదో ఒక అరుదైన మార్పు కాస్త ఎక్కువగా దాక్కుని ఉంటుంది. అది మెదడు నాళాలదే అయితే ఎవరు వెతికారు?

హెచ్‌టీఆర్‌ఏ1 కథకు ఇంకో మలుపు ఉంది. రెండు ప్రతులూ చెడితేనే జబ్బు అనుకున్నది 2015 దాకా నడిచింది. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో, కారణం తెలియని సన్న నాళాల జబ్బు వంశంలో ఉన్న రోగులను పరీక్షిస్తే దాదాపు 5 శాతం మందికి ఒకే చెడ్డ ప్రతి ఉంది. వారికి జుట్టు ఊడలేదు, పక్షవాతం కూడా అరవై దగ్గర వచ్చింది. అంటే కారాసిల్ రోగి తల్లిదండ్రులను ఇన్నాళ్లూ ‘వాహకులు, వారికేం కాదు’ అని పంపించేసిన మాట సవరించుకోవాల్సి వచ్చింది.

సీఓఎల్4ఏ1 అనే మూడో జన్యువు నాళాల గోడకు అడుగున పరిచిన కొల్లాజెన్ పొరను నేస్తుంది. దీనిలో లోపమున్న ఎలుక పిల్లలు పుట్టేటప్పుడే మెదడులో రక్తస్రావమై చనిపోవడం డగ్లస్ గూల్డ్, సైమన్ జాన్ గమనించారు. ఆపరేషన్ చేసి పిల్లలను బయటికి తీస్తే తీవ్రమైన రక్తస్రావం తప్పింది. జన్యువు అదే, పుట్టిన తీరు మారితే ఫలితం మారింది. 2006లో వెలువడిన ఈ ఫలితం ప్రసవ వైద్యులకు సూటిగా పనికొచ్చేది. 1977లో స్వీడన్‌లో వర్ణించిన ఒక వంశాన్ని చాలామంది మొట్టమొదటి కాడాసిల్ కుటుంబంగా రాస్తూ వచ్చారు. నలభై ఏళ్లకు తేలిందేమంటే ఆ కుటుంబంలో చెడింది నాచ్3 కాదు, సీఓఎల్4ఏ1.

ఇవన్నీ ఒక్క జన్యువు చెడితే వచ్చేవి. మైలవరం బస్టాండులో కర్ర పట్టుకుని కాలీడ్చే పెద్దాయనకు ఉన్నది బహుశా ఇది కాదు. అతనిలో వందల జన్యువుల చిన్న చిన్న తేడాలు, ఇరవై ఏళ్ల బీపీ, చుట్ట, షుగర్ అన్నీ కలిశాయి. ఆ చిన్న తేడాలను పట్టుకునే ప్రయత్నం తెలుగు నేల మీద కూడా జరిగింది. హైదరాబాద్ బేగంపేటలోని జన్యు వ్యాధుల సంస్థకు చెందిన అంజన మున్షీ, నిమ్స్‌లోని సుభాష్ కౌల్‌తో కలిసి వందల మంది పక్షవాతం రోగుల రక్తాన్ని, అంతే సంఖ్యలో ఆరోగ్యవంతుల రక్తంతో పోల్చారు. పీడీఈ4డీ అనే జన్యువులో తేడాలకు పక్షవాతంతో సంబంధం ఉందని 2009లో ప్రకటించారు. అదే జన్యువును ఐస్‌లాండ్‌లోని డీకోడ్ సంస్థ 2003లో ప్రపంచం ముందు పెట్టింది. లక్షల మందితో చేసిన తర్వాతి పరిశోధనల్లో అది నిలబడలేదు. ఆ కాలంలో ప్రపంచమంతటా, ముందుగా ఎంచుకున్న ఒక జన్యువు చుట్టూ తిరిగిన చాలా పరిశోధనల గతి ఇదే. వందల సంఖ్యలో నమూనాలు తీస్తే కాకతాళీయం కూడా కారణంలా కనిపిస్తుంది.

2018లో మెగాస్ట్రోక్ పేరుతో 5 లక్షల మందికి పైగా జన్యు సమాచారాన్ని గాలిస్తే పక్షవాతంతో ముడిపడిన 32 చోట్లు దొరికాయి. 2022లో గిగాస్ట్రోక్ లక్షా పది వేల మంది రోగులతో ఆ సంఖ్యను 89కి చేర్చింది. వాటిలో ఆసక్తి కలిగించేది పాత ముఖాలు మళ్లీ కనిపించడం. సీఓఎల్4ఏ1 ఉన్న ప్రాంతం, హెచ్‌టీఆర్‌ఏ1 ఉన్న ప్రాంతం మామూలు పక్షవాతంలోనూ పైకి తేలాయి. సన్న నాళాల పక్షవాతం రోగులను మాత్రమే తీసుకుని 2021లో చేసిన అధ్యయనంలో దొరికిన 12 చోట్లలో కొన్ని కణాల మధ్య ఉండే అల్లికకు సంబంధించినవే. అంటే ఏ గోడ నాచ్3 కుటుంబాల్లో ఒక్క దెబ్బకు కూలుతోందో, అదే గోడ మిగతావాళ్లలో చిన్న చిన్న లోపాలతో, బీపీతో మెల్లగా శిథిలమవుతోంది. అరుదైన జబ్బు మీద పెట్టిన డబ్బు దండగ అనే వాదనకు ఇంతకన్నా సూటి జవాబు అక్కర్లేదు.

ఇలాంటి మహా అధ్యయనాల్లో దక్షిణాసియా రక్తం ఇప్పటికీ తక్కువే. 83 భారతీయ సమూహాల నుంచి సుమారు పది వేల మంది పూర్తి జన్యుక్రమాలతో జీనోమ్ ఇండియా 2025 జనవరిలో తన సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులో పెట్టింది. నాచ్3 మార్పులు ఇక్కడ ఎవరిలో ఎంత ఉన్నాయో, ఏ ముక్కలో ఉన్నాయో వెతికేందుకు ఇప్పుడు చేతిలో సరుకు ఉంది.

మందు విషయం ఇంకా నిరాశే. అల్జీమర్స్‌కు వాడే డొనెపెజిల్‌ను 168 మంది కాడాసిల్ రోగులకు ఇచ్చి చూసి, ప్రధాన కొలమానంలో లాభం లేదని 2008లో ప్రకటించారు. జత దొరకని సిస్టీన్‌ను సరిదిద్దే మందు ఇంతవరకు రాలేదు. కానీ జన్యువు ఒక్కటే కథ నడిపించట్లేదు. కాడాసిల్ ఉన్నవారిలోనే పొగతాగేవారికి పక్షవాతం ముందుగా వస్తోంది, బీపీ ఉన్నవారికి ఎక్కువగా వస్తోంది. మామూలు బీపీ రోగుల్లో పై బీపీని 120 కన్నా దించి ఉంచితే మెదడులో తెల్లమచ్చలు పెరిగే వేగం తగ్గిందని 2019లో అమెరికా స్ప్రింట్ అధ్యయనం చూపించింది. అల్లాడి బృందం హైదరాబాద్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాల్లో, రెండు భాషలు మాట్లాడేవారికి రక్తనాళాల డిమెన్షియా మూడున్నరేళ్లకు పైగా ఆలస్యంగా వచ్చింది. తెలుగు, ఉర్దూ, దక్కనీ కలగలిపి మాట్లాడే నగరం కాబట్టి అలాంటి అధ్యయనం సులభంగా కుదిరింది. నాళం పూడుకుపోయినా మెదడు కొంతకాలం నెట్టుకురాగలదని దాన్నిబట్టి అనుకోవచ్చు.

మరి మైలవరం ఇంట్లో చేయదగ్గదేమిటి? ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త నింపే, దీర్ఘకాలిక జబ్బుల ముప్పును లెక్కించే సీబ్యాక్ పత్రంలో కుటుంబం గురించి ఒక ప్రశ్న ఉంది. తల్లిదండ్రుల్లో గానీ తోబుట్టువుల్లో గానీ బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అని అడుగుతుంది. పక్షవాతం మాట అందులో లేదు. చేర్చడానికి ఒక్క గడి చాలు, ఖర్చు సున్నా. అడిగితే అమ్మ వైపూ నాన్న వైపూ మూడు తరాలు అడగాలి. ఎవరికి పడిపోయింది, అప్పటికి వయసెంత, బీపీ ఉందా లేదా, ఇంట్లో ఎవరికైనా మెరుపులు కనిపించి తలనొప్పి వచ్చేదా, చిన్న వయసులోనే జుట్టూ నడుమూ పోయినవారున్నారా, తల్లిదండ్రులది మేనరికమా. యాభై లోపు ఇద్దరు బంధువులకు పక్షవాతం వచ్చి, ఇద్దరికీ బీపీ లేకపోతే ఎమ్మారైతో పాటు ఆ కాగితాన్ని కూడా నరాల వైద్యుడి ముందు పెట్టాలి. జన్యు పరీక్ష అవసరమో కాదో ఆ తర్వాత తేలుతుంది. పరీక్షకు కావలసింది కొద్దిగా రక్తం. అది విప్పి చెప్పేందుకు మాత్రం జన్యు వైద్యుడు ఉండాలి. నాచ్3లో కనిపించిన ప్రతి మార్పూ జబ్బు కాదు.

తెలుగు ఇళ్లలో ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. పెళ్లికి ఎదిగిన పిల్ల ఉన్న ఇంట్లో ‘మా నాన్నకు జన్యు జబ్బు’ అన్న కాగితం అల్మరా అడుక్కి వెళ్లిపోతుంది. దాచడం వల్ల పిల్లకు వచ్చే లాభమేమీ లేదు. బీపీ ఎప్పటి నుంచి చూపించుకోవాలో, తలనొప్పి వస్తే డాక్టరుకు ఏం చెప్పాలో తెలియకుండా పోతుంది అంతే. అలాగని నెగెటివ్ కాగితం తెస్తేనే సంబంధం ఖాయం అనే పద్ధతి మొదలైతే అది ఇంకా ఘోరం. ఆరోగ్యంగా ఉన్న పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు, పెద్దయ్యాక వచ్చే ఇలాంటి జబ్బు కోసం పరీక్ష చేయకూడదన్నది జన్యు వైద్యులు పాటించే నియమం. పెద్దయ్యాక చేయించుకోవాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు. దానికి ముందు కౌన్సెలింగ్ ఉంటుంది. రక్తం ఇచ్చాక మనసు మారితే ఫలితం వినకుండా ఆగిపోవచ్చు. పెళ్లయిన అక్క పరీక్ష చేయించుకుంటే, వద్దనుకున్న తమ్ముడికి ఆమె ఫలితం ఎంతవరకు చెప్పాలన్నది కూడా ఆ కౌన్సెలింగ్‌లోనే మాట్లాడుకుంటారు.